నాలుగో పెంచలనరసయ్య

నల్లగుట్టపాళెంలోకి పోయి పెంచలనరసయ్య ఇల్లు యాడని అడగబాకండి. అడిగితే జవాబు రాదు, ఎదురు ప్రశ్న వస్తుంది: ఏ పెంచలనరసయ్య? పెంచలకోన సామి పేరు పెట్టని ఇల్లు మా పక్క మొన్నటిదాకా ఎన్ని ఉండినాయి గనక. అందుకే ఆ పాళెంలో పేరు ఒక్కటే ఉంటే చాలదు, పేరుకు ముందర ఒక మాట ఉండాల. ఆ మాట అమ్మానాయన పెట్టేది కాదు. ఎవరికి వాళ్లు తగిలించుకునేది అంతకన్నా కాదు. మనిషి చేసిన పని చూసి పాళెం ఇచ్చేది.

అట్టా మాట సంపాయించుకున్న పెంచలనరసయ్యలు ముగ్గురు ఉండినారు, ముగ్గురూ ఇప్పుడు లేరు. మొదటాయన బావి పెంచలనరసయ్య. పెద్ద కరువులో జనమంతా మూటాముల్లె సర్దుకుంటా ఉంటే, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకోని గుట్ట కింద బావి తవ్వినాడు. ఆ బావి నేటికీ ఎండలేదు. రెండో ఆయన తెల్లదొరల కాలం నాటి చిరుత పెంచలనరసయ్య. మంద మీదికి దూకిన చిరుత మీద కంబళి కప్పి, కట్టెతో బాది తరిమినాడు. ఎడమ చెవి పోయింది గాని ఒక్క గొర్రె పోలేదు. మూడో ఆయన కోర్టు పెంచలనరసయ్య. పాళెం మేతబీడును ఎవరో భూస్వామి కలిపేసుకుంటే, పదకొండేండ్లు నెల్లూరు కోర్టుకు తిరిగి తిరిగి వెనక్కు తెచ్చినాడు. ఈ ముగ్గురూ ఒక ఇంటోళ్లు కాదు, ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. పేరొక్కటే వాళ్లను ఒక వరసలో కూర్చోబెట్టింది.

వరస అని ఉత్తినే అనడం లేదు. శ్రావణం మొదటి శనివారం పాళెమంతా గుట్ట కింద పొంగలి పెట్టుకుంటారు. ఎవరూ ముద్ద ముట్టకముందే ఒక విస్తరాకులో మూడు ముద్దలు పెడతారు. పెద్దాయన వెంగయ్య ఒక్కో ముద్దకూ ఒక్కో పేరు, ఆయన చేసిన పని చెబుతాడు. మూడూ అయినాక, ఆ పేరుతో బతికుండే మనిషిని లేపి అడుగుతాడు, నువ్వు ఏ పెంచలనరసయ్యవు అని. లేచినోడు నిజం చెప్పాల. అది ఆనవాయితీ.

మన పెంచలనరసయ్య ముప్పై ఏండ్లుగా లేస్తానే ఉండాడు. నూట ఇరవై గొర్రెల ఆసామి, యాభై ఎనిమిదేండ్లు. తలపాగా సర్దుకోని, గొంతు తగ్గించకుండా, ప్రతి ఏడాదీ ఒకే జవాబు చెప్పేవాడు.

"ఇంకా ఏమీ కాలేదు. చూస్తా ఉండండి."

జనం నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నవ్వినాడు కదాని పట్టించుకోలేదు అనుకుంటే పొరపాటే. ఒకప్పుడు ఇంటింటా ఉండిన ఆ పేరు పాళెంలో ఇప్పుడు ఉండేది ఆయనొక్కడికే. కొడుకు సురేంద్రబాబు ఆత్మకూరు బస్సు డిపోలో మెకానిక్కు, వాడి బిడ్డ సాయి. ఎదురింట్లో సాయి, పక్కింట్లో ఇంకో సాయి. ఈయన ఏ మాటా లేకుండా పోయినాడంటే ఆకులో ముద్దలు ఎప్పటికీ మూడే, వరస అక్కడితో సరి. ముగ్గురు పెద్దోళ్లు మోసుకొచ్చిన పేరు నా చేతికొచ్చి ఉత్తదిగా రాలిపోకూడదని ఆయన పెళ్లాంతో చాలా సార్లు చెప్పినాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

ఊరికే కూర్చున్నాడా అంటే కూర్చోలా. చేసిందేందంటే, ముందరోళ్ల పనులే మళ్లీ చెయ్యబోయినాడు. పెళ్లయిన కొత్తల్లో బీడుకు పోయే డొంక పక్కనుండే సొంత చేలో బావి మొదలుపెట్టినాడు. ఇల్లు పట్టేంత వెడల్పు, రెండు నిలువుల లోతు తవ్వేసరికి అడుగున బండ తగిలింది. చుక్క నీళ్లు లేవు. ఆ తర్వాత కొన్నేండ్లకు అడివంచున చిరుత తిరుగుతా ఉండాదంటే కంబళి భుజాన వేసుకోని వారం రోజులు కాపు కాసినాడు. చిరుత వచ్చింది, ఈయన నిద్రపోతా ఉంటే ఈయన కుక్కనే ఎత్తుకోని పోయింది. నలభై దాటినాక, బీడు మీద ఎవరి కన్నూ పడకుండా కాగితం రాయించుకోవాలని ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. బీడు మీదేనయ్యా, నీతో ఎవరికీ తగాదా లేదు, ఇంటికి పో అన్నారు. తగాదా కూడా దొరకని మనిషిని ఏమనాల చెప్పండి.

వీటన్నిట్లో పెళ్లాం చెంచులక్ష్మిని ఎక్కువ బాధపెట్టింది ఆ బావి. బావి అనేదానికి లేదు, ఊరంతా దాన్ని గుంట అనేది. పెంచలనరసయ్య గుంట. ఆడోళ్లు ఎవరిదాన్నన్నా ఎగతాళి చెయ్యాలంటే, నీ మొగుణ్ణి కూడా ఒక గుంట తవ్వమనరాదా అనేవాళ్లు. చెంచులక్ష్మి మొగుడి పేరు నోటితో పలకదు, పాతకాలం మనిషి. ఆత్మకూరులో సుందరరామయ్య మందుల అంగడికి గొర్రెల కడుపులో నట్టలు పోయే మందు కోసం పోతే, ఎవరింటికమ్మా అని అడుగుతాడు. కోన సామి పేరే అంటుంది. ఏ పెంచలనరసయ్య అంటాడు. చెంచులక్ష్మి మొగుడని రాసుకోండి అని చెప్పి మందు తీసుకోని గబగబా వచ్చేసేది.

ఇంతకీ ఈ మనిషికి నిజంగా తెలిసిన విద్య ఒకటి ఉండాది, దాన్ని ఆయన విద్య అనుకోలేదు. గొర్రె ఏ గడ్డి ఎప్పుడు తినాల, ఎప్పుడు తినకూడదు అనేది ఆయనకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలవదు. నీళ్లు పడని గుంట చూస్తా చూస్తా వదులుకోబుద్ధి కాక, ఏడాదేడాదీ శనక్కాయ పెరికినాక చేలల్లో మిగిలిన కట్టెను, అదే ఎండిన ఆకూ తీగా, మోసుకొచ్చి అందులో తొక్కి పెట్టేవాడు. అడుగున బండ కాబట్టి చెమ్మ రాదు, పైన తాటాకు కప్పు వేసినాడు. మేత కరువొచ్చే ఏడాదికి మందకు ఆధరువు. అంతే, అంతకు మించి దాన్ని గురించి ఆలోచించలా.

ఈ ఏడాది ఏమైందంటే, జూన్‌లో చిటుకు రోగానికి టీకాలు వేసినారు. అది తొలకరి రోగం. ఎండాకాలమంతా ఎండుపుల్లలు నమిలిన గొర్రె, వాన పడి లేచిన లేతపచ్చిక మీద ఆబగా పడుతుంది. పొద్దున కడుపునిండా మేసింది, మధ్యాన్నం చిటికేసినంతలో కింద పడి తన్నుకోని పోతుంది. పాళెంలో ఉండే ఆరొందల గొర్రెలకూ టీకా పడింది. మర్నాడే పెద్ద వాన. నాలుగో దినానికి సోమశిల డ్యాం నీళ్లు వెనక్కుపోయిన బీడంతా పచ్చగా లేచింది. జనానికి కండ్లు చెదిరినాయి. టీకా పడింది గదా, ఇంకేం భయమని మందలు తోలుకోని డొంకలోకి వచ్చినారు.

డొంకకు అడ్డంగా తుమ్మకంప వేసి ఉండాది. కంపకు ముందర, గుంట గట్టు మీద, పెంచలనరసయ్య కట్టె అడ్డం పెట్టుకోని కూర్చోని ఉండాడు.

ముందుగా వచ్చిన మంద మాలకొండయ్యది, చెంచులక్ష్మి తమ్ముడు. అడ్డం లెయ్యి బావా అన్నాడు. టీకా మందు ఒంటికి పట్టాలంటే రెండు వారాలు పడుతుందని, ఇంకా పది దినాలు ఉండాదని, అప్పటిదాకా పచ్చిక మీదికి పోతే టీకా వేసినా వెయ్యనట్టేనని పెంచలనరసయ్య నిదానంగా చెప్పినాడు. టీకా వేసినాయన చెబుతా ఉంటే తాను విన్నానని, మీరంతా గొర్రెల్ని పట్టుకునే హడావిడిలో వినలేదని కూడా అన్నాడు. మాలకొండయ్యకు కోపం ముంచుకొచ్చింది. వెనకాల నాలుగు మందలు ఆగిపోయి అరుస్తా ఉండాయి. పేరు కోసం ఈయన ఆడే ఆటలో మా గొర్రెలు కడుపు మాడ్చుకోవాలా అని అందరూ వినేట్టు అన్నాడు.

ఆ మాట పెంచలనరసయ్యకు తగిలింది. తగలకుండా ఎట్టా ఉంటుంది, ముప్పై ఏండ్లుగా ఎక్కడ నొప్పో అక్కడే పొడిచినాడు. అయినా లెయ్యలా. లేచి పక్కకు తొలిగితే గొడవ లేదు, రేపు గొర్రెలు పోయినా తప్పు తనది కాదు. అదీ ఆలోచించినాడు. మళ్లీ ఆ మందల పక్క చూసినాడు.

"పది దినాలు మీ గొర్రెలకు మేత నేనేస్తా. ఒక్క గొర్రె ఆకలికి పోయినా, నా మందలోంచి మీకు నచ్చినదాన్ని తోలుకోని పోండి."

అని గుంట మీద తాటాకు కప్పు తీసేసినాడు. లోపల అంచుల దాకా శనక్కాయ కట్టె. ఆయన ఒక్కడి మందకు నెలన్నర దాకా వచ్చేది, ఆరొందల గొర్రెలకు పది దినాలకు సరిపోతుందో లేదో. వెనకాలే వచ్చిన చెంచులక్ష్మి గుంటలోకి తొంగిచూసింది. మన గొర్రెలకు ఏం పెడతావయ్యా అని అడిగింది. వాటితో పాటే ఇవీ అన్నాడు. ఆమె ఇంకేమీ అనకుండా కొంగు బిగించి గుంటలోకి దిగింది.

నలుగురూ మెత్తబడి మందలు వెనక్కు తిప్పినారు. మాలకొండయ్య తిప్పలా. గుట్ట చుట్టూ తోలుకోని అవతలి పక్కనుంచి బీడులో దించినాడు. ఆ దినం ఏమీ కాలేదు. రెండో దినం ఏమీ కాలేదు, చూసినారా అని చెయ్యి తిప్పుకుంటా పాళెమంతా తిరిగినాడు. మూడో దినం మధ్యాన్నానికి పద్నాలుగు గొర్రెలు పోయినాయి, చూడి గొర్రెలు కూడా ఉండాయి వాటిలో. మిగిలినవాటిని తోలుకోని డొంకలోకి వచ్చి నిలబడినాడు. నేను చెప్పలేదా అని పెంచలనరసయ్య అనలా. ఒక మోపు కట్టె తెచ్చి బావమరిది మంద ముందర పరిచినాడు. మాలకొండయ్య అక్కడే కూలబడి ఏడ్చినాడు.

ఎనిమిదో దినం సాయంత్రానికి గుంటలో బండ కనిపించింది. ఇంకా రెండు దినాలు. పెంచలనరసయ్యకు మొదటిసారి భయమేసింది. మాట ఇచ్చినాడు, చేతిలో మేత లేదు. తెల్లారి లేచి చూస్తే డొంకలో తుమ్మకాయల గోతాలు, రావి మండలు, ఎవరింటి అటక మీదిదో ఎండు జొన్నచొప్ప. ఎవరూ పిలవలా, ఎవరికి వాళ్లే తెచ్చి పడేసి పోయినారు. పెద్ద మోపు మాలకొండయ్యది. పదో దినం దాటినాక పెంచలనరసయ్య తన చేత్తో కంప తీసినాడు. పొద్దున గంటసేపు, మర్నాడు రెండు గంటలు, అట్టా కొంచెం కొంచెంగా పచ్చిక అలవాటు చేయించినాడు. ఆయన దగ్గర మేత తిన్న గొర్రెల్లో ఒక్కటి తగ్గలేదు.

పని అయిపోయినాక ఆయన ఆ సంగతే మర్చిపోయినాడు. నిజంగానే. ఖాళీ గుంట చూసి, వచ్చే ఏడాదికి కట్టె ఎవరి చేలో దొరుకుతుందా అని లెక్కలేసుకుంటా ఉండినాడు. బావి తవ్వినప్పుడు, చిరుతకు కాపు కాసినప్పుడు, ఇప్పుడు నాకు పేరొస్తుంది అని దినానికి పదిసార్లు అనుకున్న మనిషి, ఈ పది దినాల్లో ఆ ఊసే తలుచుకోలా.

శ్రావణం మొదటి శనివారం వచ్చింది. గుట్ట కింద పొంగలి దించినారు. ఆకులో మూడు ముద్దలు పెట్టినారు. వెంగయ్య బావి పెంచలనరసయ్యను చెప్పినాడు, చిరుత పెంచలనరసయ్యను చెప్పినాడు, కోర్టు పెంచలనరసయ్యను చెప్పినాడు. చెప్పి, తల తిప్పి అడిగినాడు.

"నువ్వు ఏ పెంచలనరసయ్యవురా?"

పెంచలనరసయ్య లేచి తలపాగా సర్దుకున్నాడు. ఎప్పటి జవాబే నోటి దాకా వచ్చింది. నవ్వడానికి ఈసారి ఎవరూ సిద్ధంగా లేరని ఆయన గమనించలా. ఆయన నోరు తెరిచే లోపల ఆడోళ్ల పక్క నుంచి చెంచులక్ష్మి లేచి నిలబడింది, చేతిలో పొంగలి గరిటె అట్టనే ఉండాది.

"మేతగుంట పెంచలనరసయ్య," అనింది.

ముప్పై నాలుగేండ్ల కాపురంలో ఆమె నోటివెంట ఆ పేరు రావడం అదే మొదలు. పక్కనుండే ఆడోళ్లు, తప్పు మాట్లాడినానని నాలిక కరుచుకుంటుందేమో అని చూసినారు. కరుచుకోలా. ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా అనింది. మాలకొండయ్య అవునన్నాడు. ఆ వెనక పాళెమంతా అవునన్నారు.

బతికుండేవాడికి ఆకులో పెట్టకూడదు, చెయ్యి పట్టరా అని వెంగయ్య నాలుగో ముద్ద తీసి పెంచలనరసయ్య అరచేతిలో పెట్టినాడు. పెంచలనరసయ్య కండ్లు తుడుచుకోని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెళ్లాం పక్క తిరిగి, ఉప్పు సరిపోయింది అన్నాడు.