కుడి లైటంటే ఏంది?

మా పాత కార్లకు ఇండికేటర్ లైట్లు దొరుకుతలేవని, క్వార్టర్స్‌ల అందరికీ కలిపి ఒక్కటే ఆర్డర్ పెడదామని ఇయ్యాల పేర్లు రాసుకున్న. పక్కింటి రాజన్న "నాకు కుడిదొక్కటే చాలు" అన్నడు.

"ఎడమది గూడ పగిలింది గదా అన్నా?"

"దాంతోని ఏం పని? ఎనకోనికి దాటిపొమ్మని చెప్పేది కుడిదేనాయె."

"మరి నువ్వే కుడికి మళ్లాలంటే?"

"అప్పుడు గూడ అదే ఏస్త."

నాకు నవ్వు రాలే. పోయిన వారం ఇల్లందు రోడ్డు మీద నేను కుడి లైటేసి మళ్లుతుంటే, ఎనక బైకు మీదాయన దాటబోయి నా కారుకు తగిలి పడ్డడు. మోకాలు పట్టుకొని లేస్తున్నోన్ని "కండ్లు కనబడ్తలేవా" అని తిట్టిన. లైటు చూసే వచ్చిండేమో. నేనే పొమ్మన్ననని అనుకున్నడేమో.

ఆర్డర్ ఇంకా పెట్టలే. మీ దిక్కు కుడి లైటేస్తే పొమ్మనా, ఆగుమనా?