వదిన చెయ్యి వేస్తే ఆగిపోయిన కంప్యూటర్

మా ఇంట్లోకి కొత్తది ఏది వచ్చినా, అందరం దాని మీద చేతులుంచి ప్రార్థన చేశాకే వాడటం అలవాటు. కుట్టుమిషన్‌కి చేశాం, గ్రైండర్‌కి చేశాం, అన్నయ్య గల్ఫ్ వెళ్ళేటప్పుడు కొన్న సూట్‌కేసుకి కూడా చేశాం. సూట్‌కేసు తాళం వారం తిరక్కుండా ఊడింది, అది వేరే సంగతి.

ఎనభైల చివర్లో అన్నయ్య గల్ఫ్ మానేసి, ఒక కంప్యూటర్‌తో అమలాపురం తిరిగొచ్చి, మా ముందుగదిలో క్లాసులు పెట్టాడు. గదిలోకి ఎవరొచ్చినా చెప్పులు బయట విడవాల్సిందే. దుమ్ము పడకూడదని రోజూ పొద్దున్నే గచ్చు తడిగుడ్డతో తుడవాలి. తుడిచే పని వదినది.

వదినది ఉప్పలగుప్తం దగ్గర పల్లె, హిందువుల అమ్మాయి. అన్నయ్యని ఇష్టపడి, బాప్తిస్మం తీసుకుని పెళ్ళి చేసుకుంది. ఆ రోజే పుట్టింటి తలుపు మూసుకుపోయింది. మా అమ్మ తలుపు తీసింది గానీ బార్లా తీయలేదు. బైబిలు వదిన చేతికి ఇచ్చేది కాదు, తనే చదివి వినిపించేది.

ఏడాది తిరిగాక అన్నయ్య స్నేహితుడొకడు గల్ఫ్ నుంచి హార్డ్ డిస్కూ, దానికి సరిపడే పెద్ద పవర్ సప్లై డబ్బా తెచ్చిచ్చాడు. అంతవరకూ అన్నీ ఫ్లాపీల మీదే నడిచేవి. అన్నయ్య పగలంతా కూర్చుని వాటిని బిగించాడు. మర్నాడు పొద్దున్న ప్రార్థన. కంప్యూటర్ ఇనుప పెట్టె మీద చేతులుంచాం, అన్నయ్య స్విచ్ వేశాడు. నల్ల తెర మీద ఆకుపచ్చ అంకెలు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్ళాయి. సగంలో ఠప్పున పోయి, మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యాయి. మళ్ళీ పోయాయి.

మధ్యాహ్నం అన్నయ్య ఒక్కడే వేస్తే శుభ్రంగా వచ్చింది. మొదటి ప్రార్థన ఫలించలేదని అమ్మ రోజూ పొద్దున్నే చేయించింది, మర్నాడూ అలాగే పోయింది. కార్డులన్నీ ఊడదీసి, తుడిచి పెట్టాడు. కేబుళ్ళు మార్చాడు. కొత్త డిస్కు తీసేసి చూశాడు. ప్రార్థన ఉంటే పోతోంది, లేకపోతే వస్తోంది. మా ఇంట్లో ఆ మాట పైకి అనేంత ధైర్యం ఎవరికుంది? ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది. నాకైతే ఆ గది గుమ్మం దాటాలంటేనే భయం వేసేది.

అప్పుడు వదిన నోరు జారింది.

"చెయ్యి పెడితే లాగేస్తోందండీ, అత్తయ్యగారూ. భుజందాకా జివ్వుమంటోందండి."

అమ్మ ముఖం పాలిపోయింది. "మాకెవరికీ లేదే! నీకే ఎందుకు, అమ్మాయ్?"

నిజమే, మాకెవరికీ ఏమీ తెలియలేదు.

ఒక్కొక్కటీ తీసి చూడటం అన్నయ్య మరమ్మతు పద్ధతి. అమ్మ అది చూసి నేర్చేసుకుంది. మర్నాడు నన్ను చెయ్యి తీయమంది. ఆగిపోయింది. తను తీసింది. ఆగిపోయింది. వదినని తీయమంది. అంకెలు చివరిదాకా వెళ్ళాయి. వదినని మళ్ళీ వెయ్యమంది. ఠప్పున పోయింది. అన్నయ్య అంత చదువుకున్నవాడు, వదిన వంక అదోలా చూశాడు. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండింది.

"ఈ పిల్ల మనసులో ఇంకా ఏదో ఉండిపోయిందిరా," అంది అమ్మ, వదిన ఎదురుగానే. "ఆదివారం పాస్టరుగారొస్తారు. ఆయన వల్లా కాకపోతే వాళ్ళ ఊరు పంపించేద్దాం."

వదిన "ఆయ్" అంది. ఏ ఊరని అడగలేదు. ఆ పూట నుంచి అన్నం సరిగ్గా తినలేదు.

శనివారం పొద్దున్న వదిన వంటింట్లోనే ఉండిపోతే, గది నేను తుడిచాను. బల్ల ముందు మందపాటి కొబ్బరిపీచు పట్టా ఉండేది. అమ్మా, అన్నయ్యా, నేనూ రోజూ దాని మీదే నిలబడేవాళ్ళం. వదిన బకెట్టు పక్కన పెట్టి, చివర్న తడి గచ్చు మీద నిలబడేది. పట్టా మీద చోటు లేక కాదు. రమ్మని ఎవరం అనలేదు. ఆ రోజు బకెట్టు పెట్టి నేను ఆ చోటే నిలబడి చెయ్యి వేశాను. అన్నయ్య స్విచ్ వేశాడు.

మోచేతి మీద కర్రతో కొట్టినట్టయింది. కెవ్వుమన్నాను. తెర నల్లబడింది.

అమ్మకి భయం, నాకు కోపం. "పట్టా దిగి చెయ్యి వెయ్యి, అన్నయ్యా," అన్నాను. వేసి, వెనక్కి తుళ్ళిపడ్డాడు. టెస్టరు తెచ్చి పెట్టెకి ఆనిస్తే ఎర్రగా వెలిగింది. కొత్త డబ్బాలో ఒక తీగ ఒరుసుకుపోయి, కరెంటు ఇనుప పెట్టెలోకి దిగుతోంది. దాన్ని భూమిలోకి పంపే మూడో పిన్ను ప్లగ్గుకి ఉండేది. మా గోడ బోర్డుకి రెండే బెజ్జాలని దాన్ని కోసేసింది అన్నయ్యే. పొడి పట్టా మమ్మల్ని కాపాడింది. ఇన్నాళ్ళూ ఆ కరెంటు వదిన ఒంట్లోంచి తడి గచ్చులోకి పోయింది, ఆ కుదుపుకే తెర ఆరిపోయేది.

తీగకి టేపు చుట్టాక, వైర్‌మాన్ పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ పెట్టాడు. సాయంత్రం అమ్మే వంటింటిదాకా వెళ్ళి పిలిచింది.

"రామ్మా, పట్టా మీదకి రా."

వదిన వచ్చి చెయ్యి వేసింది. పేరుకి ప్రార్థనే గానీ, అందరం ఆ చేతినే చూస్తున్నాం. అంకెలు పైకి వెళ్ళి, వెళ్ళి, చివరికి చేరాయి. వదిన చెయ్యి తీయలేదు.

"అయితే నన్నుండనిస్తారాండీ?" అని అడిగింది.

అమ్మ "స్తోత్రం, స్తోత్రం" అంటూ గట్టిగా కళ్ళు మూసుకుంది.