మారయ్య ధోతి తొడుక్కున్న కుక్క

మా ఇంటికీ బీరమ్మ గొర్రెల దొడ్డికీ మధ్య ఒక్క గోడే అడ్డం. గోడ అవతల బొల్లోడు మొరిగితే ఇవతల మా వంటింట్లో గిన్నెలు అదురుతాయి. పాలు పొంగించుకున్నాను, సూది వేలికి గుచ్చుకున్నాను, నోటికొచ్చినట్లు తిట్టుకున్నాను. అయినా ఆలూరులో ఎవరైనా బీరమ్మను ఒక్క మాట అంటే మాత్రం ఊరుకోను. భర్త మారయ్య పోయాక, గొర్రెలమ్ముకుని కూలికి పొమ్మని ఊరంతా సలహా ఇచ్చింది. ఆమె మాత్రం ఆయన గొంగడి భుజాన వేసుకుని, ఆయన కర్రే పట్టుకుని మంద వెనక నడిచింది.

బొల్లోడు ఇక్కడి వాడు కాదు. మొయినాబాద్ దారిలో భూమిని ఎకరాల్లో చెప్పడం మానేసి గజాల్లో చెప్పడం మొదలైన రోజుల్లో, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే జితేందర్ అక్కడొక ఫామ్‌హౌస్ కట్టుకున్నాడు. చలిదేశపు కొండల్లో మందలు కాసే జాతట, తెల్లటి కుక్కపిల్లను కొని తెచ్చాడు. ఏడాది తిరిగేసరికి అది లేగదూడంత అయింది. చుట్టాలను గేటు దాటనివ్వదు. పాటలు పెడితే పాటల కంటే పెద్దగా అరుస్తుంది. మనిషి మంచివాడు కాబట్టి దాన్ని గొలుసుకు కట్టి ఉంచడం అతనికి మనసొప్పలేదు. మేత కోసం అటు వెళ్లిన బీరమ్మను గోడ మీదుగా పిలిచాడు.

"అవ్వా, దీనికి పని కావాలె. నా దగ్గర దీనికి పని లేదు. తీస్కపోతవా?"

"గొర్రెల్ని చూసిందా ఎన్నడన్న?"

"లేదవ్వా."

"చూపిద్దాం తియ్యి."

ఆ రోజు మా వాకిట్లో ఊరు ఊరంతా నిలబడి నవ్వింది. తనకే తిండి సరిగా లేదు, ఏనుగును తెచ్చుకుందని. గొర్రెలైతే బెదిరి దొడ్డి మూలకు నక్కాయి. బీరమ్మ తన పాత గొంగడి పరిచి, మంద వాసన ఒంటికి పట్టేదాకా వాణ్ని దాని మీదే పడుకోబెట్టింది. జొన్న గట్కలో మజ్జిగ పోసి ముందు వాడికి పెట్టి, మిగిలింది తాను తాగింది. వాడు ఆటకు గొర్రెపిల్ల వెంట పడితే మందలించింది. గొర్రెపిల్ల వాడి వీపెక్కితే ఏమీ అనలేదు. వానాకాలం గడిచేసరికి వాడు మంద మధ్యలో పడుకుంటున్నాడు, గొర్రెలు వాడికి ఆనుకుని నెమరు వేస్తున్నాయి. బొల్లోడని పేరు కూడా అప్పుడే పెట్టింది.

అప్పట్లో మాకు తోడేలు భయం లేదు, ఊరకుక్కల భయమే. ఫామ్‌హౌస్‌లలో ఆదివారం విందు జరిగితే మిగిలిన బిర్యానీ తిని బలిసేవి. సోమవారం నుంచి ఆకలేసి మందల మీద పడేవి. షాబాద్ వైపు ఎందరో గొర్రెలు పోగొట్టుకున్నారు. బీరమ్మ మంద జోలికి మాత్రం ఒక్క కుక్కా రాలేదు.

ఆ తర్వాతి ఎండాకాలానికి ముందు, ఉన్ని కత్తిరించే శ్రీశైలం వచ్చాడు. నల్ల గొర్రెలన్నీ బోడివై, తేలికపడి గంతులేస్తున్నాయి. పక్కనే బొల్లోడు నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు. బీరమ్మకు ప్రాణం ఉసూరుమంది.

"గింత బొచ్చు మోసుకొని ఎండల ఎట్ల తిరుగుతడు? వీనికి గూడ వెయ్యి కత్తెర."

"అవ్వా, కుక్కను గొరుగుడేంది? కరిస్తే?"

"తలకాయ నా ఒళ్ళె వెట్టుకుంట. నువ్వు గొరుగు."

వాడు ఆమె ఒళ్లో తలపెట్టి కదలకుండా కత్తిరించుకున్నాడు. లోపల లేత గులాబీ రంగు చర్మం, పుట్టి ఎండ ఎరగనిది. వారం తిరగకుండానే అది కమిలి బొబ్బలెక్కింది. వాడు గట్క ముట్టలేదు. బీరమ్మ ఆటోలో వేసుకుని చేవెళ్ల పశువుల దవాఖానకు తీసుకుపోయింది, తోడు నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ అరుణశ్రీ కోప్పడలేదు. మందు రాస్తూ చెప్పింది: "అవ్వా, ఆ బొచ్చు ఎండను ఆపుతది. వేరే కుక్కల పండ్లను గూడ ఆపుతది. మళ్లీ పెరిగేదాక నీడల ఉంచు. మంద ఎంబడి పంపకు. ఊరకుక్కలు వట్టుకుంటే బతకడు."

"గొర్రెకు మంచిదైతే వీనికీ మంచిదేననుకున్న బిడ్డా," అంది బీరమ్మ. దారంతా వాడి తల నిమురుతూ ఏడుస్తూనే ఉంది.

ఇంటికి రాగానే పెట్టె తెరిచి మారయ్య ధోతి తెచ్చింది. "నిర్మలా, వీనికి అంగీ కుట్టు."

"అత్తా, అది పెండ్లినాటి ధోతి గదా!"

"పెట్టెల ఉండి ఎవల్ని కాస్తది?"

నేను టేపు తీశాను. కుక్క ఛాతీ కొలత తీసుకున్న దర్జీని చేవెళ్ల తాలూకాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ధోతిని మడతల మీద మడతలు వేసి వదులుగా కుట్టాను. ఆ అంగీలో వాణ్ని చూసి ఊరు మళ్లీ నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి!

వాడికి నయమవుతున్న రోజుల్లో బీరమ్మ వాణ్ని దొడ్డిలో కట్టేసి, చల్లపొద్దున ఒంటరిగా మందను తోలుకుపోయేది. ఒకనాడు వాడు ఎటో చెవులు రిక్కించాడు. ఉన్నట్టుండి తాడు తెంపుకుని గోడ దూకాడు. నేను మిషన్ వదిలేసి వెనకాల పరుగెత్తాను.

బీడులో ఊరకుక్కలు మందను చుట్టేశాయి. బీరమ్మ ఒక్కతే కర్ర తిప్పుతోంది. బొల్లోడు సూటిగా వాటి మధ్యలోకి దూకాడు. బొచ్చు లేని ఒంటి మీద అవన్నీ ఒక్కసారి పడ్డాయి. నేను వంగి రాళ్లు ఏరుకున్నాను.

"మారయ్యా! ఇడువకు! మారయ్యా!" అని అరిచింది బీరమ్మ.

భర్త పేరు పలికే అలవాటు మా ఆడవాళ్లలో లేదు. ఆయన పోయిన రోజున కూడా బీరమ్మ ఆ పేరు ఎత్తి ఏడవలేదు. ఆమె నోట అది వినడం నాకదే మొదటిసారి. పేరు ధోతిని చూసి వచ్చిందో, భయంతో వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. కుక్కల నోళ్లకు ధోతి మడతలే దొరికాయి. అవి బట్ట పీకుతుంటే బొల్లోడు ఒక్కోదాన్ని విదిలించి కొట్టాడు. బీరమ్మ కర్ర, నా రాళ్లు తోడయ్యాయి. అవి తోకలు ముడిచి పారిపోయాయి. వాడికి ఒక చెవి చీలింది. ధోతి పీలికలైంది. గొర్రె ఒక్కటీ పోలేదు.

వానలకు బొచ్చు మళ్లీ వచ్చింది. మరుసటి ఏడు ఎండలకు ముందు శ్రీశైలం కత్తెర పట్టుకుని వచ్చాడు. గొర్రెలను ఒకటొకటిగా కూర్చోబెడుతున్నాడు. మేము మాటల్లో ఉండగా బొల్లోడు లేచి, బోడి గొర్రెల పక్క నుంచి నడిచి, బీరమ్మ ముందుకు వచ్చాడు. పోయినేడు లాగే ఆమె ఒళ్లో తలపెట్టి, మెడ చాపి కదలకుండా పడుకున్నాడు.

బీరమ్మ వాడి చీలిన చెవి పట్టుకుని నిమిరింది.

"నీకు గంత జేసినా, ఇంక నన్నే నమ్ముతున్నవార బిడ్డా," అంది. కొంగు తీసి వాడి ఒళ్లంతా కప్పి, శ్రీశైలాన్ని కత్తెర దూరంగా పెట్టమంది.