నన్నెవరూ అలా చెప్పమనలేదు

ఒక మనిషి నన్ను క్షమించాడు. నేను చేసినదానికి కాదు, నేను చేశానని అతను అనుకున్నదానికి. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడానే ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోవడమే మంచిది. పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

మాది సూర్యాపేట. చిన్న జిరాక్సు షాపు ఉండేది. ఆ వానాకాలం నా భార్య పద్మ గరిడేపల్లి దగ్గర వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. అక్కడ ఉండగానే వరద వచ్చింది. చెరువుల కట్టలు ఒకటి తర్వాత ఒకటి తెగాయి. ఊళ్లకు ఊళ్లే మునిగిపోయాయి. వాళ్ల అక్క ఒక డాబా మీద దొరికింది. పద్మ దొరకలేదు. శవం కూడా దొరకలేదు. బురదలో, ముళ్లకంపల్లో వెతుక్కుంటూ తిరిగి తిరిగి చివరికి గట్టుకు చేరాను.

గట్టు అంటే ఎత్తైన చోట ఉన్న, ఎప్పుడో మూతబడ్డ రైసు మిల్లు. నీళ్లు అంతదాకా ఎక్కలేదు. అక్కడ తలదాచుకున్నవాళ్లకు ఒకాయన గంజి కాచి పోసేవాడు. ఆయన్ను అయ్య అనేవాళ్లం. మొదట్లో ఆయన మాటలు ఓదార్పుగానే ఉండేవి. తర్వాత మెల్లగా మారాయి. దేవుడు లోకాన్ని కడిగాడన్నాడు. గట్టెక్కినవాళ్లనే ఉంచుకున్నాడన్నాడు. కింద తిరిగేవాళ్లంతా బతికున్నట్టు కనబడే శవాలేనని, ఈసారి వచ్చే నీళ్లకు వాళ్లూ మిగలరని చెప్పాడు. మా ఫోన్లు కాలువలో వేయించాడు. మందులు మాన్పించాడు. పాత పేర్లు తీసేసి కొత్తవి పెట్టాడు.

ఇప్పుడు వింటుంటే మీకు నవ్వొస్తుందేమో. నాకప్పుడు నవ్వు రాలేదు. పద్మ ఊరికే పోలేదని, దాని వెనక దేవుడి లెక్క ఏదో ఉందని చెప్పిన మొదటి మనిషి ఆయనే. మరి పోయినవాళ్లంతా పాపాత్ములైతే పద్మ కూడా పాపాత్మురాలేనా? ఆ ప్రశ్న ఆయన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నేను గేటు దాటి బయటికి నడవాల్సి వచ్చేది. బయట నాకేముంది?

నాకు గేటు దగ్గర పని అప్పజెప్పారు. ఎవరైనా తమవాళ్ల కోసం వస్తే, ఇక్కడెవరూ లేరని చెప్పి పంపించాలి. అయ్య ఆజ్ఞ అంతే. దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. ఆజ్ఞ అంతవరకే.

వానలు వెలిసిన తర్వాత ఒక మధ్యాహ్నం సైదులు వచ్చాడు. మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీ. వరద వచ్చినప్పుడు పనిలో ఉన్నాడట, దారులు తెగి ఇంటికి రాలేకపోయాడట. అప్పటినుంచీ భార్య కోసం దవాఖానలు, స్కూళ్లలో పెట్టిన శిబిరాలు అన్నీ తిరుగుతున్నాడు.

"అన్నా, రేణుక అని మా ఇంటామె. ఈడున్నదని ఎవరో అన్నరు. జర సూడు," అన్నాడు.

రేణుక ఉంది. నా వెనక గోడ అవతల కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. కిందివాళ్లంతా చచ్చిపోయారని అయ్య చెప్పిన మాట నమ్మి, మొగుడు లేడనుకుని బతుకుతోంది.

లేదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఇక్కడ లేదని మాత్రమే అంటే అతను వెతకడం ఆపేవాడు కాదు, ఇంకోచోట అడిగేవాడు, మళ్లీ వచ్చేవాడు, పోలీసులను తీసుకొచ్చేవాడు. ఎలాగో ఆమె దొరికేది.

"కొట్టుకపోయింది. నేను కండ్లార సూసిన," అన్నాను.

అతను గేటు ఊచలు పట్టుకున్నాడు. "ఏడ?"

"కల్వర్టు కాడ. తుమ్మచెట్టు పట్టుకున్నది. శానసేపు పట్టుకున్నది. ఇగ చేతగాలె."

"నా పేరు తీసిందా?"

"తీసింది."

అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను నిలబడి చూశాను. ఆ తుమ్మచెట్టు, చేతులు జారడం, పేరు పెట్టి పిలవడం, ఇవన్నీ పద్మ గురించి నేను రోజూ ఊహించుకున్నవి. నా భార్య చావును తీసుకెళ్లి బతికున్న ఆడమనిషికి అంటగట్టాను. ఎందుకు? భక్తితో కాదు, భయంతోనూ కాదు. నేను ఊరూరా వెతికినా నా మనిషి దొరకలేదు. ఇతని మనిషి గోడ అవతలే ఉంది. అది ఓర్వలేకపోయాను. ఇంతకంటే మర్యాదైన కారణం కోసం చాలాకాలం వెతుక్కున్నాను. లేదు.

ఆ సాయంత్రం రేణుక అడిగింది. "అన్నా, ఇందాక గేటు కాడ ఎవరో ఏడ్సినట్టు ఇనబడ్డది?"

"ఎవడో పిచ్చోడు," అన్నాను.

తర్వాతి ఎండాకాలం గట్టు మీద ఒక చిన్నపిల్ల జ్వరంతో చనిపోయింది. అయ్య మందు ఇప్పించనివ్వలేదు. పోలీసులు వచ్చారు. అయ్యను జైలుకు తీసుకెళ్లారు, మమ్మల్ని ఇళ్లకు పంపారు. రేణుక బయటికొచ్చేసరికి సైదులు ఆమె కర్మలు చేసేసి, మిర్యాలగూడలోనే ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. పెద్దమనుషులు కూర్చున్నారు. రేణుకే లేచి, ఎవరి బతుకూ ఆగం చెయ్యనని చెప్పి కోదాడ వెళ్లిపోయింది. అక్కడ ఒక హాస్టల్లో వంట చేస్తోంది.

నేను మిర్యాలగూడ వెళ్లాను. సైదులు కాళ్ల మీద పడాలనే వెళ్లాను. నేను నోరు తెరవకముందే అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ తప్పేమున్నదన్నా. గాయన చెప్పమన్నడు, నువ్వు చెప్పినవ్. నువ్వు గూడ పెండ్లాన్ని పోగొట్టుకున్నోనివే."

తలూపాను. అతను చాయ్ తాగించాడు. తాగాను.

అందరూ అదే నమ్మారు. అయ్య చాలా పాపాలు చేశాడు. ఇది మాత్రం ఆయనది కాదు.

మొన్నీమధ్య కోదాడ వెళ్లి రేణుకకు చెప్పాను. హాస్టల్ వెనక అన్నం వండే పెద్ద గంజు తోముతోంది. నన్నెవరూ అలా చెప్పమనలేదని, ఓర్వలేక నేనే అన్నానని చెప్పాను. తోముతున్న చెయ్యి ఆగింది.

"ఏడ్సిండా?" అంది.

"ఏడ్సిండు. శానసేపు."

"ఆయనకు ఈ సంగతి చెప్పకు. నిన్ను మాఫ్ చేసిన అనుకొని నిమ్మళంగున్నడు. అది గూడ గుంజుకోకు."

"మరి నువ్వు?"

"నేను మాఫ్ చెయ్య," అంది. గొంతు పెంచలేదు. గంజు బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

అందుకే అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. దీంతో ఏదీ తీరిపోదని తెలుసు. కానీ ఆ రోజు సూర్యాపేట బస్సెక్కి కూర్చున్నాక నాకు ఆకలేసింది. ఎన్నో ఏళ్లుగా వేళకింత తినడమే తప్ప ఆకలంటూ ఎరగను. బస్టాండులో కొన్న అరటిపండ్లు వరసగా తింటూ, ఎవరూ చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.