బాపు కట్టిన సిమెంటు మేడలు

మా ఇంటి నడవలో ఒక గోడ ఉంది. మా బాపు సున్నపు మేస్త్రీ. తన పెళ్లయిన కొత్తలో ఆ గోడకు గచ్చు పూసి, గులకరాయితో రుద్ది రుద్ది అద్దంలా చేశాడు. మా అవ్వ ఇప్పటికీ అందులో చూసుకునే తల దువ్వుకుంటుంది. అద్దం కొనివ్వలేని కొడుకునని నన్ను తప్పు పట్టకండి. కొనిచ్చాను. మేకుకు వేలాడుతూనే ఉంది, దాని వంక చూసేవాళ్లే లేరు.

రెండేళ్ల క్రితం హైదరాబాదులో సున్నం పని సన్నగిల్లితే బాపు నిజామాబాదు వైపు సిమెంటు పనికి వెళ్లాడు. వెళ్లినవాడు మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఎవరిచేతో రాయించిన కార్డులు మాత్రం వచ్చేవి. స్టేషను దగ్గర గుండ్రని మూలల మేడ కట్టినం, డాక్టరు సాబు దవాఖాన కట్టినం, బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ బంగ్లాలు కడుతున్నం అని. ఎప్పుడొస్తాడో మాత్రం ఏ కార్డులోనూ ఉండేది కాదు. నేను ఒక ఇంజనీరు కచేరీలో నక్షలు దించే గుమాస్తాను. ఈ కొత్త తరహా భవనాలు కాగితం మీద నా చేతుల మీదుగానే పోతుంటాయి గాని, నేల మీద నిలబడ్డవాటిని చూసింది తక్కువ. వాటిని చూసి వస్తానని మూడు రోజులు సెలవు పెట్టాను. అది సగం నిజం.

బయలుదేరేటప్పుడు అవ్వ ఒక్క మాటే చెప్పింది. "గోడ మసకవారిందని చెప్పు. వచ్చి ఒక్కసారి రుద్ది పొమ్మను. ఉండుమంటలేను, రుద్ది పొమ్మను."

కాచిగూడలో ఉదయం ఏడు గంటల బండి ఎక్కాను. మూడో తరగతి పెట్టెలో చలికి కిటికీలన్నీ మూసేశారు. కామారెడ్డిలో చాయ తాగుతుంటే పక్కన కూర్చున్న పెద్దమనిషి పలకరించాడు. చందూరులో చెరకు రైతు. ఒకప్పుడు కాలువల పనికి కూడా పోయాడట. నేను సిమెంటు మేడలు చూడబోతున్నానంటే నవ్వాడు.

"బూడిద చూసెతందుకు పట్నం నుంచి వచ్చినవా అయ్యా? నీళ్లు పోస్తె బండయితది, గంతే."

"పగలదా?" అన్నాను.

"మొదటి దినాలల్ల మంచిగ నీళ్లు తాపాలె. తాపకుంటె పగులుతది. చెరుకు తీర్గనే."

ఒంటిగంటకు నిజామాబాదు చేరాం. స్టేషను ఎదుటి హోటల్లో వేడి అన్నం, పప్పు, ఎర్రటి తొక్కు పచ్చడితో భోజనం పెడతారు. కడుపునిండా తిన్నాను. ధర్మశాలలో సంచీ పడేసి మొదటి మేడ చూడబోయాను. వెతకనక్కరలేదు, స్టేషను దారిలోనే ఉంది. రెండంతస్తులు. వీధి మలుపు దగ్గర గోడ కూడా దారితోపాటే గుండ్రంగా తిరిగిపోతుంది, ఎక్కడా కోణం లేదు. ఒంటి పొడవునా మూడు గీతలు పట్టీల్లా పరుగెత్తాయి. కమాను లేదు, పువ్వు లేదు, చిలక లేదు. నా వంటి నక్షల గుమాస్తా నోరు తెరుచుకుని నిలబడిపోవలసిన భవనం.

కాని నేను నేరుగా కిటికీ దగ్గరకు వెళ్లి దాని గట్టు కింద చెయ్యి పెట్టాను. మా ఇంట్లో మేస్త్రీలకు ఒక ఆచారముంది. పని ముగించే రోజున ఆఖరి కిటికీ గట్టు కింద, తడి ఆరకముందే, కుడి బొటనవేలు ఒక్కసారి అదిమి వదిలేస్తారు. అది ఇంటివాళ్లకు తెలియదు, మాకు తెలుసు. చిన్నప్పుడు బాపు నన్ను ఎత్తుకుని పట్నంలో తాను కట్టిన ఇళ్లన్నిటా ఆ గుంటలో నా వేలు పెట్టించేవాడు.

ఆ మేడకు అందినన్ని కిటికీల కిందా తడిమాను. కింది కొట్లో బట్టలమ్మే మనిషి బయటికి వచ్చాడు.

"ఏం దేవులాడుతున్నవ్ అన్నా?"

ఏదో పడిపోయిందని అబద్ధం చెప్పాను. పాపం, ఆయన కూడా వంగి కాసేపు వెతికాడు.

రెండోది కంఠేశ్వర్ గుడి వైపు ఉన్న దవాఖాన. దాని వాకిలి మీద సిమెంటు చూరు ఆరడుగులు ముందుకు చాచుకుని ఉంది, కింద ఒక్క స్తంభం లేదు. జనం దాని కిందనుంచి నడవకుండా ఎండలో చుట్టూ తిరిగి లోపలికి పోతున్నారు. "మోసేటోడు లేకుంట నిలవడ్డది, దాన్ని ఎట్ల నమ్మాలె?" అంది మందు సీసా పట్టుకున్న ఒక ముసలమ్మ. నేను దాని కిందే నిలబడి చూపించాను. ఆమె దేవుడికి దండం పెట్టింది, నా కోసమే అయి ఉంటుంది. అక్కడా కిటికీలన్నీ తడిమాను. వేలిగుర్తు లేదు. కార్డుల్లో రాయించినవి నిజంగా బాపు కట్టినవేనా అని ఆ సాయంత్రం మొదటిసారి అనుమానం వచ్చింది.

మరునాడు ఉదయం బోధన్ బండి. ఊరు రాకముందే కాగుతున్న చెరకు రసం వాసన వస్తుంది, చెరకు బండ్ల వరుస కనిపిస్తుంది. ఫ్యాక్టరీ పక్కన సిమెంటు కాళ్ల మీద నీళ్ల ట్యాంకు, దాని వెనక ఆఫీసర్ల బంగ్లాలు. కప్పులు చదునుగా ఉన్నాయి. గోడల మూలల్లోనే కిటికీలు పెట్టారు, రెండు వైపుల వెలుతురూ ఒకే గదిలో కలుస్తుంది. చూడబోయేవారు ఉదయం పూటే వెళ్లండి.

చివరి బంగ్లా ఇంకా కడుతున్నారు. దాని ముందు ఒక నల్లని బండ మీద కూర్చుని కొనుక్కున్న జొన్నరొట్టె విప్పాను. బండ మీద గోనె నేత అచ్చు పడి ఉంది. ఇసుక తట్ట మోస్తున్న ఒకామె నన్ను చూసి నవ్వింది.

"ఈ బండ ఎక్కడ దొరికింది అక్కా?" అన్నాను.

"దొరుకుడేంది తమ్మీ, మేమే కలిపినం. రెండేండ్ల కింద ముందుగాల ఈడికే పట్నం నుంచి ఒక సున్నపు మేస్త్రి వచ్చిండు, మస్తు పనిమంతుడట. సున్నం నానితె వెన్న లెక్క అయితదని, సిమెంటు గుడ పొద్దుగూకినంక కలిపి తడి గోనెలు కప్పి పండుకున్నడు. పొద్దుగాల చూస్తె ఇగో, గిది. గడ్డపార దిగలె. అందరు నవ్విండ్రు. నేను గుడ నవ్విన."

రొట్టె మళ్లీ చుట్టేశాను. "ఆ మేస్త్రీ ఏడి?"

"మీద నీళ్లు కొడుతున్నడు చూడు. ఆ దినం సంది తాపి ముట్టలె. నిజామాబాదుల మేడలకు, ఈడ బంగ్లాలకు, అన్నిటికి నీళ్లు ఆయినయే."

నిచ్చెన ఎక్కాను. కప్పు మీద మట్టితో చిన్న చిన్న గట్లు వేసి, వరి మడుల్లా నీళ్లు నిలిపి ఉన్నాయి. వాటి నడుమ కుండ పట్టుకుని మా బాపు. సన్నబడ్డాడు. నన్ను చూసి కుండ దించాడు.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న. నిజామాబాదు మేడలు చూసి వచ్చిన బాపూ."

"పగుళ్లున్నయా?"

నేను పగుళ్ల కోసం చూడనే లేదు. కాని ఎక్కడా కనపడలేదు. "ఒక్కటి లేదు," అన్నాను.

"ఉండయ్. ఇరవై ఒక్క దినాలు తాపిన."

"ఏలిగుర్తు కోసం వెతికిన."

"తాపి వట్టనోడు ఏలు ఎట్ల పెడ్తడురా?" అని మళ్లీ కుండ వంచాడు.

ఇంటికి రమ్మన్నాను. అవ్వ మాట చెప్పబోతే అడ్డుకున్నాడు. "ఆ గోడ ముంగట నిలవడితె నా మొకం కనవడతది. ఎట్ల చూసుకోవాలె?"

రెండేళ్ల బెంగ నాలో ఒక్కసారిగా కోపమై లేచింది. "కనవడదు! మసకవారింది. అవ్వ మొకం గుడ కనవడతలేదు. అయినా దాని ముంగటనే దువ్వుకుంటది."

బాపు చేతిలో కుండ ఆగింది. దాన్ని గట్టు మీద పెట్టి అడిగాడు. "ఏ దిక్కు?"

"కింద, తలుపు దిక్కు."

"తడి తాకింది," అని గొణుక్కున్నాడు. వస్తానన్లేదు, రానన్లేదు. నేను ఇంకో కుండ తీసుకున్నాను. బండి వేళ దాకా ఇద్దరం నీళ్లు పోశాం.

మూడున్నర బండికి స్టేషను దాకా వచ్చాడు. బండి కదిలాక కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచి, గట్టిగా అరిచాడు. "మీ అవ్వకు చెప్పు! నేనొచ్చెదాంక గోడకు తడి గుడ్డ పెట్టద్దని!"

నిజామాబాదులో బండి మారేటప్పుడు పరుగున వెళ్లి గుండ్రని మేడను మళ్లీ చూశాను. ఈసారి కిటికీల కింద తడమలేదు, గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. అటు వెళ్లేవారు మీరూ అలా చేయండి. ఈ మేడలను కట్టినవారి పేర్లు ఎవరైనా చెబుతారు, నీళ్లు పోసినవాడి పేరు ఎవరూ చెప్పరు.

ఇది రాస్తున్నప్పటికి బోధన్ బంగ్లా కప్పుకు నీళ్లు పట్టే దినాలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. మా అవ్వ గోడను పొడి గుడ్డతో కూడా తాకడం లేదు. అప్పటిదాకా నేను కొనిచ్చిన అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటోంది.