ఉలవల గాలి, అరవయ్యో వంతు సెకను

ఆ రోజు మంచు తొందరగానే విడిచింది. పది గంటలకల్లా ఎండ ముదిరి, తూర్పు నుంచి పొడిగాలి మొదలైంది. తమిళనాడులో ధర్మపురి దగ్గరి మా ఊరు ఇండూరు బయట, తారురోడ్డు మీద ఆనాటి పని ఉలవలది. ఎండిన ఉలవచెట్లను రోడ్డు మీద మందంగా పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతాయి. కాయ పగిలి గింజ రాలుతుంది. మధ్యాహ్నం దాటాక చేటలతో గాలికి ఎత్తి పొట్టు పోగొడతారు. మా పొలంలో చిన్నప్పటి నుంచీ పనిచేస్తున్న మునెక్క ముందురోజు ఫోన్ చేసి, "రేపు సాయంత్రం తిరుప్పూరుకు పోతుండాము తమ్ముడా, బనియన్ కంపెనీలో పని. పొయ్యేలోగా నన్నొక ఫోటో తియ్యాల. మా అమ్మది తీసినావే, అట్లాంటిదే" అంది. నా మొదటి డిజిటల్ కెమెరాతో వాళ్ల అమ్మ చెన్నమ్మ ఉలవలు ఎత్తుతుండగా తీశాను. చెన్నమ్మ ఇప్పుడు లేదు. ఆమెకున్న ఫోటో అదొక్కటే. కొత్త ఊళ్లో గోడకు తల్లీకూతుళ్లను పక్కపక్కన పెట్టుకోవాలని మునెక్క కోరిక.

ఇప్పుడు నేనుండే సేలంలో, కొత్త బస్టాండులో ఉదయం ధర్మపురి బస్సు ఎక్కాను. తొప్పూరు కనుమలో లారీల వెనక నిదానంగా పాకుతుంది కాబట్టి గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు అనుకోండి. ధర్మపురిలో టిఫిన్ చేసి టౌన్ బస్సు ఎక్కితే అరగంటలో ఇండూరు. ఈ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లు చిల్లర పట్టుకోవడం మంచిది. అక్కడి నుంచి పాపారపట్టి వైపు కొంచెం దూరం నడిచాను. చిన్నప్పుడు ఒక్కో లారీ దాటగానే నేనూ మునెక్కా పరిగెత్తి చెట్లను తిరగేసేవాళ్లం. ఇప్పుడు ఆ పని ఆమె మొగుడు మాదప్ప చేస్తున్నాడు. ఒక లారీ డ్రైవరు వేగం తగ్గించి, తల బయటపెట్టి అరవంలో అడిగాడు: "అక్కా, ఇంత తొక్కి పెడుతున్నాను, నాకు కూలి లేదా?"

"చక్రానికో పిడికెడు ఉలవలు, వచ్చి తీసుకో!" అని మునెక్క కూడా అరవంలోనే బదులిచ్చింది. ఆయన నవ్వుకుంటూ పోయాడు.

మూడు దాటాక గాలి కుదిరింది. చింతచెట్టు నీడలో మునెక్క చేట తలపైకెత్తి వంచింది. నేను వరసగా నొక్కాను. తెరమీద చూస్తే ముఖం అలుక్కుపోయి ఉంది. ఫోటో వివరాలు తెరిచాను. షట్టర్ పదిహేనో వంతు సెకను. షట్టర్ తెరిచి ఉన్న ఆ కొంచెంసేపట్లో ఏది కదిలినా ఫోటోలో అలికినట్టు పడుతుంది. నీడ కదా, కెమెరా తనంతట తాను ఎక్కువసేపు తెరుచుకుంది. అందుకని షట్టర్ వెయ్యో వంతుకు తెచ్చి, వెలుతురు చాలడానికి ఐఎస్‌ఓ పెంచాను. ఈసారి ముఖం స్పష్టంగా వచ్చింది. గింజలు కూడా ఎక్కడివక్కడ గాలిలో నిలిచిపోయాయి.

మునెక్క ఫోటో చూసి, "ఇదేంది తమ్ముడా, గాలే లేదు? ఈగలు ముసిరినట్టుండాది. మా అమ్మ ఫోటోలో వాన మాదిరి పడతాయి గదా" అంది.

తన ఫోన్‌లోని చెన్నమ్మ ఫోటో చూపించింది. నిజమే, గింజలు సన్నని గీతలుగా దిగుతున్నాయి. ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. అది వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీ, దానిలో వివరాలు ఏమీ లేవు. అసలు ఫైలు నా ఫోన్‌లో వెతికి తీశాను. షట్టర్ అరవయ్యో వంతు. తేదీ మాత్రం తప్పు. ఆ కెమెరాలో గడియారం సరిచేయాలని అప్పట్లో నాకు తెలియదు.

"ఏ యేడు అది?" అని అడిగాను.

"మా పెద్దది కడుపులో ఉండింది. ఆ యేడు నన్ను చేట పట్టనీలేదు మా అమ్మ."

అప్పటికి గింజ రెండు చేటలకు మించి మిగల్లేదు. ఒకసారి రాశిలో పడిన గింజను మళ్లీ గాలికి ఎత్తరు. ఊరికే ఫోటో కోసం ఎత్తమని అడిగే మాట లేదు. షట్టర్ అరవయ్యో వంతుకు మార్చాను. గింజ గీత కట్టాలంటే ఆ మాత్రం నిదానం కావాలి. ముఖం చెదరకూడదంటే మనిషి కదలకూడదు. చెన్నమ్మకు అది అలవాటు. పొట్టు పడుతుందని పెదవులు బిగించి, ముఖం గాలికి ఓరగా పెట్టి, మణికట్లు మాత్రం ఆడించేది. మునెక్క చేట ఎత్తినంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది.

"అక్కా, తల కదలకూడదు. మాట్లాడకూడదు."

"నోట్లో పొట్టు పడితే?"

"అందుకే మూసుకో."

మాదప్ప గోనెసంచి మీద కూర్చుని, "నేను ఇన్నేండ్లు చెప్పినా మూయలేదు. కెమెరా చెప్తే ఇంటుందా?" అన్నాడు.

మునెక్క మొదటి చేట ఎత్తింది. సగంలో మొగుడికి బదులు చెప్పింది. ఆ ఫోటో పోయింది.

ఒక్క చేటే మిగిలింది. గాలి ఆగింది. ముగ్గురమూ చింతాకుల వైపు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి కొమ్మ కదిలింది. మునెక్క పెదవులు బిగించి, ముఖం ఓరగా తిప్పి, చేట ఎత్తింది. మాదప్ప సంచి మీద నుంచి లేచి నిలబడ్డాడు. "అత్త మాదిరే ఉండాది" అని మెల్లగా అన్నాడు. నేను నొక్కాను.

మునెక్క కింద కూర్చుని, కెమెరా తెర పక్కన తన ఫోన్‌లోని తల్లి ఫోటో పెట్టి చూసుకుంది. తర్వాత, "చాల్లే, సంచులు కట్టాల" అని లేచింది.

ఇంటికొచ్చి రెండు ఫోటోలనూ పక్కపక్కన తెరిచాను. షట్టర్ అంకె రెండింటిలోనూ ఒకటే. చెన్నమ్మను తీసిన రోజు ఆ అంకె ఎంతో నేను చూడలేదు. ఆమె కదలకుండా నిలబడటం వల్ల ఆ ఫోటో బాగా వచ్చిందని ఇన్నాళ్లకు తెలిసింది. మీరు ఇలాంటి పనిపాటలు ఫోటో తీయడానికి బయలుదేరితే ఒక్కటి గుర్తుంచుకోండి: అసలు ఫైలు దాచుకోండి, ఎవరికైనా పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. అప్పుడే షట్టర్ వివరాలు దానితోపాటు చేరతాయి. మునెక్కకు రెండూ అలాగే పంపాను.

మునెక్కా మాదప్పా ఆ సాయంత్రమే ఆరుంబావు బస్సుకు ధర్మపురి పోయారు. అక్కడి నుంచి రాత్రి తిరుప్పూరు వెళ్లారు.