తూనీగల పెట్టె

నాకు చిన్నప్పటినుంచీ అనుమానం ఎక్కువ. పాలు పోసే ఆమె ఎదురుగానే గిన్నెలో వేలు ముంచి చూసేదాన్ని. "గీ పోరి దేవుడొచ్చి నిలవడ్డా పత్తా అడుగుతది" అనేది మా అవ్వ. అరవైల మొదట్లో మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్‌గా చేరినప్పుడు ఆ గుణం కూడా నా వెంట వచ్చింది.

ఆ ఏడు మా సారు నాకు తూనీగల పని అప్పజెప్పారు. చుట్టుపక్కల దొరికేవాటిని పట్టి, జాతులవారీగా విడదీసి, పెట్టెలో సూదులతో గుచ్చి పేర్లు రాయాలి. దోమతెర గుడ్డతో వల కుట్టుకొని వరిమళ్ల గట్ల మీద తిరిగాను. రెక్కలు మూసి వాలే సన్నవాటిని ఒక పక్క, రెక్కలు చాపి వాలే బలమైనవాటిని మరో పక్క పెట్టాను. అంతవరకు సులువే. ఆ బలమైనవాటిని మాత్రం రంగును బట్టి విడగొట్టాను. అందులో పండు మిరపకాయలాంటి ఎర్రది ఒకటి, ఎవరికీ దొరకని జాతి నాకే దొరికిందనుకొని, పెట్టె నడుమ గుచ్చాను.

వారం తర్వాత మూత తీస్తే ఆ జాగాలో మట్టిరంగు తూనీగ ఉంది.

ల్యాబు తాళాలు చాచా దగ్గర ఉండేవి. అటెండరు ఆయన. ఇరవై ఏళ్లుగా ల్యాబుల్లోనే పనిచేసిన మనిషి. ముందురోజే ఆయన దుమ్ము తుడిచే గుడ్డకు ఒక రెక్క ముక్క అంటుకొని ఉండటం చూశాను. ఇంకేముంది, కథంతా నేనే అల్లేశాను. తుడుస్తూ నాదాన్ని విరగ్గొట్టాడు, భయపడి బయట దొరికిందేదో తెచ్చి గుచ్చాడు. సారుకు అలాగే చెప్పాను. ఆయన చాచా దగ్గర తాళాలు తీసుకొని, గేటు దగ్గర స్టూలు మీద కూర్చోమన్నారు. నౌకరీ ఉండేదీ ఊడేదీ ప్రిన్సిపాలుతో మాట్లాడి తేలుస్తానన్నారు. చాచా ఒక్క మాట అనలేదు. తప్పు చేశాడు కాబట్టే నోరు మెదపలేదనుకున్నాను.

మరో ఎర్రదాన్ని పట్టాను. ఈసారి ఎవరికీ తెలియకుండా రెక్క కొసను రవ్వంత కత్తిరించాను. పెట్టెకు నా సొంత తాళం వేసి, తాళంచెవిని కొంగుకు కట్టుకొని తిరిగాను. ఐదో రోజుకు అదీ మట్టిరంగుకు తిరిగింది. కొస మాత్రం నేను కత్తిరించినట్టే ఉంది.

తీసుకెళ్లి చూపిస్తే సారు పెద్ద పుస్తకం తెరిచి, నా చేతికి భూతద్దం ఇచ్చారు. చచ్చిన తూనీగకు రంగు నిలవదట. రెక్కల్లోని ఈనెలను చూసి జాతి తేల్చాలట. నేను వేర్వేరుగా రాసిన ఎర్రదీ పసుపుదీ ఒకే జాతి, మగదీ ఆడదీ. ఆ పుస్తకం మొదటే ఎందుకు తెరవలేదని సారునూ అనుమానించాను.

గేటు దగ్గరికి పోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. రంగు దానంతట అదే పోతుందట అని చెప్పాను.

"నాకెరికేనమ్మా. ఏటా గట్లనే అయితయి" అన్నాడు చాచా.

"మరి చెప్పలేదేంది, చాచా?"

"మీరు నన్నేడ అడిగిన్రు? తాళాలడిగిన్రు, ఇచ్చిన."

గుడ్డకు అంటిన రెక్క సంగతి అడగబోయి నోరు మూసుకున్నాను.

సారు తాళాలు తిరిగి ఇచ్చేశారు. నౌకరీ నిలిచింది. కానీ ఆ రోజు నుంచి నేను ఆ కాలేజీ విడిచేదాకా, సాయంత్రం ల్యాబు మూసే ముందు చాచా పెట్టె మూత ఎత్తి పట్టుకొని "చూసుకోండ్రమ్మా" అనేవాడు. అక్కరలేదని ఎన్నోసార్లు చెప్పాను. నేను వచ్చి వంగి చూసేదాకా తాళం వేసేవాడు కాదు.